లీటరు పెట్రోల్లో పది మిల్లీలీటర్లు



కోనసీమ కొబ్బరితోటల మధ్య తాటిపాకలో ఓఎన్‌జీసీ వాళ్ళ చిన్న రిఫైనరీ ఒకటుంది. 2001లో పని మొదలుపెట్టింది. ఏడాదికి 66 వేల టన్నుల ముడిచమురు శుద్ధి చేయగలదు. దేశంలోని రిఫైనరీల పట్టికలో అన్నిటికన్నా అడుగున ఉండే పేరు అదే. గోదావరి నేలలోంచి తోడిన చమురు గోదావరి గట్టునే శుద్ధి అవుతోంది కదా, మరి తాటిపాక సెంటర్లో స్కూటర్లో పోయించుకునే పెట్రోల్ కూడా అక్కడిదేనా అంటే కాదు. ఆ రిఫైనరీలో డీజిల్ వస్తుంది, నాఫ్తా వస్తుంది, పెట్రోల్ రాదు. నాఫ్తాను పెట్రోల్‌గా మార్చాలంటే దాని ఆక్టేన్, అంటే ఇంజిన్లో టకటకలాడకుండా మండే గుణం, పెంచాలి. అందుకు రిఫార్మర్ అనే భారీ యూనిట్ కావాలి. అంత చిన్న రిఫైనరీకి అది గిట్టుబాటు కాదు.

రిఫార్మర్ పేరెత్తడానికి కారణం ఉంది. నాఫ్తాను సుమారు 500 డిగ్రీల వేడిలో ప్లాటినం ఉత్ప్రేరకం మీదుగా పంపితే అందులోని అణువులు ఉంగరాల్లా చుట్టుకుంటాయి. బెంజీన్, టోలీన్, జైలీన్ అలా పుడతాయి. ఇంజిన్ టకటకలాడకుండా నడవడానికి ఇవన్నీ మంచివే. వీటిలో అన్నిటికన్నా చిన్నది బెంజీన్. ఆరు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు. 80 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మామూలు ఎండకే ఆవిరై గాలిలో కలుస్తుంది. 1825లో లండన్‌లో మైకేల్ ఫారడే దీన్ని మొదటిసారి వేరుచేశాడు. దీపాల గ్యాసును ఒత్తిడితో కుదించినప్పుడు అడుగున మిగిలే నూనెలోంచి తీశాడు.  1970ల్లో ఇస్తాంబుల్ వైద్యుడు ముజఫ్ఫర్ అక్సోయ్ చెప్పులు కుట్టే కార్మికుల్లో రక్త క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని గమనించాడు. వాళ్ళు వాడే జిగురులో బెంజీన్ ఉంది. ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థాల్లో ఉంచింది.

మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం ఆగిపోయింది. మంచి పనే. అయితే సీసం చేసే ఆక్టేన్ పనిని ఇంకేదో చేయాలి. ఆ భారం రిఫార్మర్ మీద పడింది. ఒక విషాన్ని గుమ్మం అవతలికి నెట్టే హడావిడిలో ఇంకొకటి పెరటి దారిన రాకుండా చూసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన ప్రమాణం పెట్రోల్లో బెంజీన్‌ను 5 శాతం దాకా ఒప్పుకుంది. మహానగరాలకు మాత్రం 3 శాతం. మషేల్కర్ కమిటీ సిఫారసుల మీద 2003లో వచ్చిన ఆటో ఇంధన విధానం దాన్ని ఒక శాతానికి దించే దారి వేసింది. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా పదకొండు నగరాలకు ఒక శాతం పెట్రోల్ వచ్చింది. రాజమండ్రికి, కాకినాడకు, భీమవరానికి అది అందింది 2010లో. అంటే హైదరాబాద్‌లో స్కూటర్ నడిపేవాడికి హానికరమైనది, రావులపాలెంలో నడిపేవాడికి ఐదేళ్ళ పాటు చట్టబద్ధంగానే సరిపోయింది! రిఫైనరీలన్నీ ఒక్కసారే మారలేవన్న సంజాయిషీలో నిజం లేకపోలేదు గానీ, ఊపిరితిత్తులు ఊరిని బట్టి మారవు.

ఆ తర్వాత పెట్రోల్ ప్రమాణాల్లో భారత్ స్టేజ్ నాలుగు, 2020 ఏప్రిల్ 1న లాక్‌డౌన్ మధ్యలో చడీచప్పుడు లేకుండా స్టేజ్ ఆరు వచ్చాయి. గంధకం తగ్గింది. బెంజీన్ పరిమితి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక శాతమే. లీటరుకు పది మిల్లీలీటర్లు, దగ్గు మందు మూత రెండుసార్లు నింపినంత. ఐరోపాలోనూ 2000 నుంచి అదే హద్దు. అమెరికా 2011 నుంచి ఇంకా దిగి, రిఫైనరీల ఏడాది సగటు 0.62 శాతం దాటకూడదంది.

ఇక ఆ పెట్రోల్ గోదావరి జిల్లాలకు వచ్చే దారి. విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, జాతీయం అయ్యాక హెచ్‌పీసీఎల్ చేతికి వచ్చిన రిఫైనరీ ఉంది. అక్కడినుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా 572 కిలోమీటర్ల పైపులైను. దారిలో రాజమండ్రి దగ్గర టెర్మినల్. ఒకే గొట్టంలో పెట్రోల్, డీజిల్, కిరోసిన్ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రెండు సరుకులు కలిసే చోట కాస్త దూరం కలగాపులగం అవుతుంది. దాన్ని డెన్సిటీ చూసి పసిగట్టి పక్కకు తీస్తారు. టెర్మినల్లో ట్యాంకర్ లారీలు నింపుకుని కడియం, మండపేట, అమలాపురం, తణుకు, నరసాపురం బంకులకు బయల్దేరతాయి.

రిఫైనరీలో ప్రతి బ్యాచ్‌కూ పూర్తి పరీక్ష జరుగుతుంది. ఆక్టేన్, గంధకం, ఆవిరి పీడనం, బెంజీన్, అన్నీ. అక్కడ ఒక శాతం దాటకుండా చూడటానికి బెంజీన్‌గా మారే అణువులను రిఫార్మర్‌లోకి పోకముందే పక్కకు తప్పించి, ఐసోమరైజేషన్ యూనిట్‌కు పంపుతారు. అక్కడి పరీక్షను శంకించనక్కర్లేదు. చిక్కల్లా గొట్టం దిగాక మొదలవుతుంది. దారి పొడుగునా జరిగే పరీక్షలు వేరే దొంగల కోసం తయారైనవి. బెంజీన్ వాటి కళ్ళబడదు.

బంకులో ఎవరైనా అడిగి చేయించుకోగల పరీక్షలు రెండు. ఒకటి ఫిల్టర్ కాగితం. నాజిల్ చివర తుడిచి ఒక్క చుక్క కాగితం మీద వేస్తారు. రెండు నిమిషాల్లో మరక మిగలకుండా ఆరిపోతే మంచిది, మరక మిగిలితే కిరోసినో డీజిలో కలిసినట్టు. బెంజీన్ తానే ఆవిరైపోయే సరుకు. కాగితం మీద దాని ఆనవాలు మిగలదు.

రెండోది డెన్సిటీ. అర లీటరు గాజు జాడీలో పెట్రోల్ పోసి హైడ్రోమీటర్, థర్మామీటర్ వేస్తారు. ఆ రీడింగును పట్టిక చూసి 15 డిగ్రీలకు మార్చి, లారీ చలానాలో రాసిన అంకెతో పోలుస్తారు. తేడా ఘనపు మీటరుకు 3 కిలోల లోపు ఉంటే సరే. ఇప్పుడు కాగితం, కలం తీసుకుంటే చాలు. ఒక శాతం బెంజీన్ ఉన్న పెట్రోల్ డెన్సిటీ 740 అనుకుందాం. బెంజీన్ డెన్సిటీ ఇంచుమించు 880. అదే పెట్రోల్లో బెంజీన్ రెండు శాతమైతే డెన్సిటీ పెరిగేది కిలోన్నర లోపే. మూడు శాతమైనా పెరుగుదల మూడు కిలోల లోపే. చట్టం పెట్టిన పరిమితికి మూడు రెట్లు బెంజీన్ ఉన్నా బంకులో జాడీ 'పాస్' అనే చెబుతుంది.

అంత బెంజీన్ ఎవరు కలుపుతారు, అది ఖరీదైంది కదా అని అడగొచ్చు. బెంజీన్ కోసం ఎవరూ కలపరు. నాఫ్తా పెట్రోల్ కన్నా తేలిక, ఒకప్పుడు చవక కూడా. కలిపితే డెన్సిటీ పడిపోతుంది, ఆక్టేన్ పడిపోతుంది. పడిపోయినదాన్ని లేపడానికి బరువైన ఆరోమాటిక్ సాల్వెంట్ పోస్తే రెండూ సర్దుకుంటాయి. ఆ సాల్వెంట్లో ఏముందో కలిపినవాడికే తెలియదు. నాఫ్తాకు, సాల్వెంట్లకు 2000లోనే వేర్వేరుగా నియంత్రణ ఉత్తర్వులు రావడం వెనక ఈ వ్యాపారమే ఉంది.

బెంజీన్‌ను చూడాలంటే ల్యాబ్ కావాలి. ల్యాబ్ చెప్పిన మాట కోర్టులో నిలవాలంటే శాంపిల్ చట్టం చెప్పినట్టు తీసి ఉండాలి. ఆ చట్టం 2005 డిసెంబర్ 19 నాటి మోటార్ స్పిరిట్, హై స్పీడ్ డీజిల్ నియంత్రణ ఉత్తర్వు. నిత్యావసర సరుకుల చట్టం కింద వచ్చింది. దానికి సరిగ్గా నెల ముందు, నవంబర్ 19న, ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లాలో ఇండియన్ ఆయిల్ సేల్స్ ఆఫీసర్ మంజునాథ్ షణ్ముగం హత్యకు గురయ్యాడు. కల్తీ బంకును సీజ్ చేయించి, మళ్ళీ తనిఖీకి వెళ్ళాడు. ల్యాబ్‌కు చేరే ప్రతి సీసా వెనకా ఇలాంటి ప్రమాదం పొంచి ఉండొచ్చని దేశానికి అప్పుడు తెలిసింది.

ఉత్తర్వు ప్రకారం శాంపిల్ తీసేది ప్రభుత్వం అధికారమిచ్చిన గెజిటెడ్ అధికారి గానీ, డీఎస్పీ హోదాకు తగ్గని పోలీసు అధికారి గానీ, ఆయిల్ కంపెనీ సేల్స్ ఆఫీసర్ గానీ. నాజిల్ నుంచైనా, భూమిలోని ట్యాంకు నుంచైనా, లారీ నుంచైనా తీయొచ్చు. లీటరు చొప్పున ఆరు శాంపిళ్ళు, శుభ్రమైన అల్యూమినియం సీసాల్లో. రెండు డీలర్‌కు, రెండు కంపెనీకి లేదా శాఖకు, రెండు ల్యాబ్‌కు. లేబుల్ మీద అధికారి, డీలర్ ఇద్దరి సంతకాలు. పది రోజుల్లోగా ల్యాబ్‌కు పంపాలి. ల్యాబ్ ఇరవై రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. అది అందిన ఐదు రోజుల్లో డీలర్‌కు తెలియజేయాలి. లారీ దించుకునేటప్పుడు డీలర్ తీసి దాచుకున్న శాంపిల్‌ను కూడా వెంట పంపుతారు. తప్పు లారీలో జరిగిందా, బంకులో జరిగిందా తేల్చేది అదే. అందుకే తెలివైన డీలర్లు ఆ చెక్కపెట్టెలోని సీసాను ఇనప్పెట్టెలో నగల్లా కాపాడుకుంటారు.

అల్యూమినియమే ఎందుకు? ప్లాస్టిక్ సీసా గోడల్లోకి పెట్రోల్ మెల్లగా ఇంకుతుంది, ప్లాస్టిక్‌లోవి కొన్ని పెట్రోల్లోకి దిగుతాయి. గాజు పగులుతుంది, వెలుతురు తగలనిస్తుంది. నింపేటప్పుడు ముందు నాజిల్ పైపులో నిలిచిన పాత సరుకును బయటికి వదిలేయాలి. సీసాను అదే పెట్రోల్‌తో కడిగి పారబోయాలి. అంచు దాకా నింపకూడదు, ఎండకు పెట్రోల్ ఉబ్బుతుంది కాబట్టి పైన కాస్త జాగా వదలాలి. లోపలి బిళ్ళ, పైమూత, తీగ, సీలు. ఆ తర్వాత నీడన.

నీడ మాట తేలిగ్గా తీసుకునేది కాదు, రాజమండ్రి రోహిణి కార్తె ఎండలో మరీను. పెట్రోల్లో బెంజీన్ కన్నా తేలికైనవి చాలా ఉన్నాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మరుగుతుంది, పెంటేన్ 36 దగ్గర. మూత సరిగా పడని సీసా జీపులో మధ్యాహ్నమంతా ఎండితే ముందు అవి లేచిపోతాయి, బెంజీన్ చాలావరకు ఉండిపోతుంది. 0.96 శాతం బెంజీన్ ఉన్న నిక్కచ్చి పెట్రోల్ నుంచి అలా ఐదు శాతం తేలికపాటి సరుకు ఆవిరైతే, మిగిలినదాంట్లో బెంజీన్ 1.01 అవుతుంది. ఏ తప్పూ చేయని డీలర్ మీద కేసు! కల్తీ చేసినవాడి వకీలు కూడా ఇదే పట్టుకుంటాడు. సీలు వదులైందనో, సీసా కడగలేదనో రుజువు చేస్తే చాలు, మిగతా రసాయన శాస్త్రమంతా వృథా.

ల్యాబ్‌లో పని చేసేది గ్యాస్ క్రొమటోగ్రాఫ్. సూది మొనంత పెట్రోల్‌ను వేడి గొట్టంలోకి ఎక్కించి, హీలియం లాంటి వాయువుతో నెడతారు. గొట్టం లోపలి పూత ఒక్కో పదార్థాన్ని ఒక్కో రకంగా ఆపుతుంది. రాజమండ్రిలో ఒకేసారి బయల్దేరినా, కడియంలో, ద్వారపూడిలో, అనపర్తిలో ఆగే పాసింజరు, ఎక్కడా ఆగని ఎక్స్‌ప్రెస్ సామర్లకోట చేరే వేళలు వేరు కదా, ఇదీ అంతే. బెంజీన్ కోసం ప్రపంచమంతా వాడే ఒక పాత పద్ధతిలో రెండు గొట్టాలు ఉంటాయి. మొదటిది మరిగే ఉష్ణోగ్రతల ప్రకారం వేరుచేసి, ఆక్టేన్ అనే అణువు దాటాక వచ్చే బరువైన సరుకును వెనక్కి తోసేస్తుంది. రెండోది ఉంగరాల అణువులను మాత్రం గట్టిగా పట్టుకుని ఆలస్యం చేస్తుంది. చివర కాగితం మీద ఒక శిఖరం లేస్తుంది. దాని కింది వైశాల్యమే బెంజీన్ లెక్క. ముందుగా కొలిచి కలిపిన మరో ద్రవం శిఖరంతో పోల్చి శాతం తేలుస్తారు. ఒకే సీసాను రెండు ల్యాబులు పరీక్షిస్తే రెండో దశాంశంలో తేడా రావడం మామూలే. సరిగ్గా హద్దు మీద ఉన్న అంకెతో కేసు పెట్టే ముందు అధికారులు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఆ పాత పద్ధతికి ఈమధ్య కొత్త తలనొప్పి వచ్చింది, ఎథనాల్. ఆ రెండో గొట్టంలో ఎథనాల్ వచ్చే వేళ, బెంజీన్ వచ్చే వేళ దగ్గరదగ్గరగా ఉంటాయి. గొట్టాలు సరిగా సర్దకపోతే రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఎథనాల్ కూడా బెంజీన్ ఖాతాలోకి పోతుంది. అందుకే పద్ధతిని సవరించారు, ఎథనాల్ ఉన్న పెట్రోల్‌కు వేరే గొట్టాల జోడీ సూచించారు. పెట్రోల్లో ఎథనాల్ 2022లో 10 శాతం, 2025 నాటికి 20 శాతం అయింది. గోకవరం మండలం గుమ్మళ్ళదొడ్డిలో ధాన్యంతో ఎథనాల్ తీసే ఫ్యాక్టరీకి 2022 నవంబర్‌లో శంకుస్థాపన జరిగింది కూడా. గోదావరి వాళ్ళకు నూకలంటే ఉప్మా ఒక్కటే గుర్తొచ్చే రోజులు పోయాయి.

ఎథనాల్‌లో బెంజీన్ ఉండదు. ఒక శాతం బెంజీన్ ఉన్న పెట్రోల్ 80 పాళ్ళకు ఎథనాల్ 20 పాళ్ళు కలిపితే బెంజీన్ 0.8కి దిగుతుంది. ఇది లాభమే. అయితే ఈ కలపడం రిఫైనరీలో జరగదు, టెర్మినల్లో జరుగుతుంది. అంటే రిఫైనరీ పరీక్షించిన సరుకు ఒకటి, నాజిల్ నుంచి వచ్చేది ఇంకొకటి. పైగా ఎథనాల్‌కు నీళ్ళంటే ప్రాణం. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీరు. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయినప్పుడు లంకలన్నీ మునిగాయి. భూమిలోని ట్యాంకులోకి నీరు చేరితే ఎథనాల్ పెట్రోల్‌ను వదిలి నీటితో కలిసి అడుక్కు దిగుతుంది. పైన మిగిలిన పెట్రోల్లో బెంజీన్ వాటా మళ్ళీ 0.8 నుంచి ఒకటి వైపు ఎక్కుతుంది, ఆక్టేన్ పడిపోతుంది. బంకుల్లో డిప్ రాడ్ చివర పేస్టు రాసి ట్యాంకులోకి దించి, రంగు మారిన మేర చూసి నీటి మట్టం చెబుతారు. మామూలు పేస్టు ఎథనాల్ కలిసిన నీటిని సరిగా పట్టదు. దానికి వేరే పేస్టు ఉంది. అదే వాడుతున్నారా లేదా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, వానాకాలం డెల్టాలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న.

మధ్యలో పుదుచ్చేరి కిందికి వచ్చే యానాం సంగతి. లీటరుకు పది రూపాయలకు పైగా చవక కాబట్టి కాకినాడ, ద్రాక్షారామ వైపు బళ్ళు అటు తిరుగుతాయి. చవకైంది కదా, నాసిరకమేమోనని కొందరి అనుమానం. తేడా అంతా పన్నులోనే. ప్రమాణం ఒకటే, 2005 ఉత్తర్వు కేంద్రానిది కనుక అక్కడా వర్తిస్తుంది. తనిఖీ చేసే అధికారులే పుదుచ్చేరి వాళ్ళు.

ఇంతకూ ఈ పది మిల్లీలీటర్లు ఎవరి ఒంట్లోకి పోతున్నాయి? కారు అద్దాలు దించకుండా పెట్రోల్ పోయించుకుని వెళ్ళేవారికి పెద్దగా భయం లేదు. ఎనిమిది గంటలు నాజిల్ పట్టుకునే బంకు కుర్రాడికి ఉంది. ట్యాంకర్ మూత తీసి డిప్ చూసే క్లీనర్‌కు ఉంది. కార్బురేటర్‌ను పెట్రోల్లో ముంచి కడిగి, ఆ చేతులనే ఇంకాస్త పెట్రోల్‌తో శుభ్రం చేసుకునే మెకానిక్‌కు, గొట్టాన్ని నోటితో పీల్చి పెట్రోల్ దించే వాడికి ఇంకా ఎక్కువ. బెంజీన్ చర్మం గుండా కూడా పోతుంది. 2009 జాతీయ గాలి ప్రమాణాల్లో దానికి ఏడాది సగటు హద్దు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. అది ఊరి గాలికి, నాజిల్ పక్కన నిలబడ్డ మనిషి ముక్కు దగ్గరి గాలికి కాదు. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకులను బడికి, ఆసుపత్రికి, ఇళ్ళకు 50 మీటర్ల దూరంలో పెట్టమంది. లంక గ్రామాల్లో కిరాణా కొట్టు గుమ్మంలో కూల్‌డ్రింక్ సీసాల్లో వేలాడే పెట్రోల్‌కు ఏ దూరమూ లేదు. సొంతానికి 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు గానీ, అమ్మకానికి ఆ సౌకర్యం వర్తించదు. ఆ సీసా శాంపిల్ ఏ అధికారీ తీయడు.

ఐరోపా దేశాలు ఏటా వేసవిలోనూ చలికాలంలోనూ బంకుల నుంచే శాంపిళ్ళు తీసి, బెంజీన్‌తో సహా ఫలితాలను బయటపెట్టాలి. అక్కడి చట్టం అది. ఇక్కడ బంకు బోర్డు మీద డెన్సిటీ రాస్తారు, ధర రాస్తారు. బెంజీన్ అంకె రాయమని ఎవరూ అడగలేదు. అడగడానికి దారి మాత్రం ఉంది. హెచ్‌పీసీఎల్, ఇండియన్ ఆయిల్, బీపీసీఎల్ మూడూ ప్రభుత్వ రంగ సంస్థలే, సమాచార హక్కు చట్టం వాటికి వర్తిస్తుంది. పది రూపాయల ఫీజుతో రెండు ప్రశ్నలు వేయొచ్చు. ఫలానా ఏడాది రాజమండ్రి టెర్మినల్‌కు వచ్చిన పెట్రోల్ బ్యాచ్ రిపోర్టుల్లో బెంజీన్ ఎంత? అదే ఏడాది ఉభయ గోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల్లో నాజిల్ దగ్గర తీసిన శాంపిళ్ళలో బెంజీన్ పరీక్షకు వెళ్ళినవి ఎన్ని? ముప్పై రోజుల్లో జవాబు రావాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఆ పది రూపాయలు కూడా అక్కర్లేదు.